లాంతరు ముందు దింపే మనిషి

పోయిన నెల బడిలో ఏడో తరగతికి కంప్యూటర్ పాఠం చెబుతుంటే ఫోన్‌కి కబురొచ్చింది, బావి గేమ్ రెండో భాగం విడుదలైందని. పిల్లలను ఏదో రాసుకోమని చెప్పి కిటికీ దగ్గరికి పోయి తెరిచాను. గేమ్ కొనలేదు. బొమ్మలు కూడా చూడలేదు. ఆడినవాళ్ళు అభిప్రాయాలు రాసే చోటికి నేరుగా దిగిపోయి, ఆయన ఏం రాశాడా అని వెతికాను. రెండు మూడు పేజీలు కిందికి జరిపాక గుర్తొచ్చింది, ఆయన పోయి ఏడాది కావస్తోందని.

ప్రేమతో వెతికానని అనుకోకండి. పుచ్చుపన్నును నాలుకతో తడుముకుంటాం చూడండి, అలాంటి అలవాటు అది. ఏ గేమ్ ఆడినా ముందు ఆయన ఏం రాశాడో చూడాలి. నాకన్నా బాగా రాశాడని తెలుసుకోవాలి. కాసేపు కుళ్ళుకోవాలి. ఆ తర్వాతే నేను రాయాలి. దాదాపు మూడేళ్ళు ఇదే నా వరస.

మాది పామిడి. అక్కడే ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారుని. బడి అయ్యాక గేమ్‌లు ఆడి వాటి మీద అభిప్రాయాలు రాస్తాను, ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. ఫలానా గేమ్ కొనొచ్చా అన్నా అని హైదరాబాదు నుంచి కూడా అడిగేవాళ్ళున్నారు. జిల్లా మొత్తం మీద ఈ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, నేను అలా హాయిగా మహావృక్షంగా బతుకుతుంటే ఆయన వచ్చిపడ్డాడు.

ముందు ఆ గేమ్ గురించి చెప్పాలి. అసలు పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటుంది, మేమందరం బావి గేమ్ అనేవాళ్ళం. ఎక్కడో మంచు కురిసే దేశంలో ముగ్గురు కలిసి చేశారు. కొత్తదే అయినా ముప్పై ఏళ్ళ కిందటి గేమ్‌లా కనబడాలని కావాలనే అలా చేశారు. గోడలూ మనుషులూ అన్నీ చదరపు చుక్కలే. పాడుబడిన గని ఒకటి, దాని నడుమ చుట్టూ మెట్లున్న లోతైన బావి. ఆడేవాడి కళ్ళతోనే అంతా చూస్తాం. కుడిచేతిలో తుపాకీ, ఎడమచేతిలో లాంతరు. తూటాలు బహు తక్కువ. ఒక్కో అంతస్తూ కిందికి దిగుతూ పోవాలి. కొన్ని చోట్ల ఉన్నట్టుండి లాంతరు ఆరిపోతుంది. ఆరిందంటే అవి మీదికొస్తాయి. అవి ఏమిటో చివరిదాకా సరిగ్గా కనబడవు.

వచ్చిన కొత్తలో దాని కింద మామూలు రాతలే ఉండేవి. తుపాకీ చప్పుడు అదిరిందని ఒకడు. ఈ చుక్కలు చూసి చూసి కళ్ళు పోతున్నాయని ఇంకొకడు. ఇంత తక్కువ తూటాలతో ఎట్లా చావాలని ముగ్గురు నలుగురు తిట్టారు. చిన్నప్పుడు నెట్ సెంటర్‌లో ఆడిన రోజులు గుర్తొచ్చాయని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను మాత్రం పద్ధతిగా రాశాను. బొమ్మలకు ఇన్ని మార్కులు, శబ్దానికి ఇన్ని, కథకు ఇన్ని, భయానికి పదికి ఎనిమిది. రెండు రోజులు కూర్చొని రాసిన రాత. పదకొండుమందికి నచ్చింది. దాని కిందే ఎవరో ఇలా రాశారు:

‘బావి అడుగున నీళ్ళుండాయి. దిగినోడు ఒక్కడూ సంతోషపడలే. దీన్ని చేసినోళ్ళు మా పక్కోళ్ళు కాదు. భయం మాత్రం మా బావిదే.’

చదివి గట్టిగా నవ్వాను. నవ్వు ఆగేలోపలే కడుపులో మంట మొదలైంది. ఆ గేమ్ నేను నాలుగుసార్లు చివరిదాకా ఆడాను. అడుగున నీళ్ళున్న సంగతి నాకూ తెలుసు, అక్కడి నీళ్ళ మీద వెలుగు కదలడం సహజంగా లేదని అర మార్కు కూడా తగ్గించాను. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము తప్ప రాని జిల్లాలో పుట్టి, బావిలో నీళ్ళు చూసి అర మార్కు తగ్గించినవాణ్ణి నేను. ఆయన రాసింది వందలమందికి నచ్చింది. తెలుగు రానివాళ్ళు కూడా ఏదో యంత్రంతో అనువాదం చేసుకొని నవ్వుకున్నారు.

ఆ తర్వాత ఆయన ప్రతి గేమ్ కిందా కనబడసాగాడు. అన్నీ పాతకాలపు బొమ్మల గేమ్‌లే, అన్నీ భయానివే. ఎప్పుడూ నాలుగైదు వాక్యాలు దాటేవాడు కాదు. ఒకదాని కింద, ‘ఈ దయ్యానికి తొందర ఎక్కువ. దయ్యానికి ఏం పని ఉంటాది, నిదానంగా రావచ్చు కదా’ అని రాశాడు. ఇంకోదాని కింద, ‘తలుపు తెరిస్తే భయం లేదు. తలుపు ముందర నిలబడితే ఉండాది. నేను తెరవలే. బాగుండాది’ అని. నేనూ ఒకసారి అలా పొట్టిగా రాసిచూశాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. ఏమైందన్నా, ఒంట్లో బాగలేదా అని అడిగారు నన్ను చదివేవాళ్ళు.

ఒకరోజు ఆయనే నా రాత కింద పలకరించాడు. మీది పామిడి అంట కదా సార్, మాది కుందుర్పి, ఒకసారి రాండి కూర్చొని ఆడదాం అని. ఎవడో బాగా చదువుకున్నవాడు పల్లెటూరి మనిషి వేషం కట్టి రాస్తున్నాడని నా నమ్మకం. వాణ్ణి పట్టుకోవాలనే ఒక ఆదివారం బయల్దేరాను. అనంతపురంలో ఒక బస్సు, కళ్యాణదుర్గంలో ఇంకో బస్సు మారి, వేరుశనగ చేలు ఎండిపోయి పడున్న దారిలో మధ్యాహ్నానికి కుందుర్పి చేరాను.

వేషం కాదు. మండలాఫీసు ఎదురుగా చిన్న జెరాక్స్ అంగడి ఆయనది. పొలాల పహాణీలు తీసిచ్చేవాడు, దరఖాస్తులు నింపేవాడు. యాభైకి దగ్గరపడిన మనిషి, సన్నగా, పొడుగ్గా. చెయ్యి కలిపినప్పుడు అరచేయి రాయిలా తగిలింది. తాడు ఒరిసి ఒరిసి పడిన గీతలు మణికట్టు దాకా ఉన్నాయి. వయసులో ఉన్నప్పుడు బావుల్లో పూడిక తీసే గుంపుతో తిరిగాడట. బోర్లు వచ్చి, బావులు ఎండి, ఆ గుంపు చెదిరిపోయాక అంగడి పెట్టుకున్నాడు. ఏదో ఆఫీసువాళ్ళు పారేసిన కంప్యూటర్ తెచ్చుకున్నాడు. కొత్త గేమ్ పెడితే అది ఊపిరాడక ఆగిపోతుంది. పాతకాలపు బొమ్మల గేమ్‌లే ఎందుకు ఆడతావన్నా అని అడిగితే, దీనికి అవే అరుగుతాయి సార్ అన్నాడు.

ఆయన ఆడే తీరు చూడాలి. భయం గేమ్ అంటే మనమందరం దీపాలార్పుకొని ఆడతాం. ఆయన మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతుంటే, అంగడి తలుపు సగం దించి కూర్చున్నాడు. ముందు చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. భుజం మీది టవల్ తీసి ఎడమచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. పగలు ఆడితే భయమేముంటుందని అడిగాను. పూడిక పని ఎండాకాలం పగటిపూటే కదా చేసేది, నా భయమంతా పగటిదే అన్నాడు.

గేమ్‌లో ఆయన పరుగెత్తడు. తుపాకీ పేల్చడు. గోడ పట్టుకొని ఒక్కో మెట్టూ దిగుతాడు. నిలబడి వింటాడు. నేను పది నిమిషాల్లో దాటే అంతస్తు ఆయనకు ముక్కాలు గంట పట్టింది. చచ్చిపోయిన ప్రతిసారీ బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టి, “పైకి లాగండప్పా” అనేవాడు. బావిలోకి దిగినవాడు తాడును రెండుసార్లు గుంజితే పైవాళ్ళు లాగాలట, ఒకసారి గుంజితే ఆగాలట. ఆ అలవాటు చేతికి అలాగే మిగిలిపోయింది. జెరాక్స్ కాగితం ఇరుక్కున్నా రెండుసార్లు కొట్టడం చూశాను.

నా రాతలన్నీ చదివాడు. ఒకమాట అడుగుతా ఏమనుకోవద్దన్నాడు. “భయానికి ఎనిమిది మార్కులు ఏసినావు కదా సార్. ఎట్లా కొలిచినావు?”

ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఎగతాళి అయినా బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. అదంతా అనుభవం మీద తెలుస్తుందిలే అన్నాను. అవునవును అని తల ఊపాడు. ఊపుతూ రెండో అంతస్తు అంచుకు వచ్చి ఆగాడు, లాంతరును బావిలోకి వదిలేశాడు.

అలా వదలొచ్చని నాకు తెలియదు. నాలుగుసార్లు ఆడినా నాకు తెలియదు. లాంతరు చీకట్లో జారుకుంటూ పోయి కింది మెట్టు మీద ఆగింది, వెలుగుతూనే ఉంది. ఆయన దిగాడు, తీసుకున్నాడు, తర్వాతి అంచు నుంచి మళ్ళీ వదిలాడు. ఈసారి సగం దారిలో ఆరిపోయింది. అక్కడ అవి ఉన్నాయన్నమాట. అటు పోకుండా చుట్టు తిరిగి ఇంకో దారిన దిగి, ఆరిన లాంతరు తీసుకొని వెలిగించుకున్నాడు. గేమ్ ముగిసేటప్పటికి ఆయన దగ్గర సగం తూటాలు మిగిలే ఉన్నాయి. ఏ బావిలోకైనా అంతే సార్ అన్నాడు. చానాళ్ళు మూసుకుపోయిన బావిలో గాలి చచ్చి ఉంటుంది. ముందు తాడు కట్టి లాంతరు దింపుతారు. ఆరితే ఎవరూ దిగరు. వేపమండలు కట్టగా కట్టి గంటసేపు పైకీ కిందికీ ఆడించి, గాలి కదిలించి, మళ్ళీ లాంతరు దింపి చూస్తారు. ఇది గేమ్‌లో తనకెలా తట్టిందన్నది ఆయన లెక్కలో పెద్ద విషయమే కాదు. బావి కనబడితే ముందు లాంతరు దింపక ఇంకేం చేస్తారన్నట్టు చూశాడు.

తిరుగు బస్సులో ఎండిన చేలు చూస్తూ కుళ్ళిపోయాను. నేను ఇంగ్లీషు చదివాను, కంప్యూటర్ చదివాను, నెలకు నాలుగు గేమ్‌లు ఆడతాను. ఆయన దగ్గర ఒక పారేసిన కంప్యూటరూ, ఒక టవలూ ఉన్నాయి. ఆ రాత్రే ఆయన రాసింది కనబడింది: ‘లాంతరు ముందు. మనిషి తర్వాత. దిగేటోళ్ళు గుర్తు పెట్టుకోండి.’ అది పాకిపోయింది. ఎక్కడెక్కడివాళ్ళో లాంతరు వదిలి ఆడి, బతికి, వచ్చి రాశారు. కొంతమంది మాత్రం ఇది దొంగాట, గేమ్ చేసినవాళ్ళు పొరపాటున వదిలేసిన సందు అని గొడవకు దిగారు.

ఆ గొడవ గేమ్ చేసిన ముగ్గురి దాకా పోయింది. లాంతరు చేతిలోంచి వదలడం తాము అనుకున్నది కాదనీ, వచ్చేసారి సరిచేసినప్పుడు దాన్ని తీసేద్దామా అని చూస్తున్నామనీ వాళ్ళు రాశారు. దీన్ని మొదలుపెట్టిన ఆటగాడు తీసెయ్యొద్దంటూ ఏదో రాశాడు కానీ యంత్రం చేసిన అనువాదం అర్థం కావడం లేదు, తెలుగు వచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా అని అడిగారు. రెండు భాషల్లోనూ రాసేవాణ్ణి కాబట్టి అందరూ నా పేరే చెప్పారు.

ఆ వారంలోనే ఆయన పామిడి వచ్చాడు. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక చూస్తే బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో అనపకాయల సంచి. వరండాలో కూర్చోబెట్టాను. పిల్లలు అరుస్తూ తిరుగుతున్నారు. ఫోన్‌లో చెప్తే సరిపోదని వచ్చినానన్నాడు. లాంతరు తీసెయ్యొద్దని వాళ్ళకు నేనే చెప్పాలట. ఆయన రాసినదాంట్లో తన తమ్ముడి మాట కొంచెమే ఉంది, మిగతాది నాతో నోటితో చెప్పడానికి వచ్చాడు.

తమ్ముడూ ఆయనా ఒకే గుంపులో పనిచేసేవాళ్ళు. ఒక ఊళ్ళో పూడిక పని ముగించి, సామాను సర్దుకొని, లాంతరులో కిరసనాయిలు కూడా ఒంపేశాక చూసుకుంటే పక్క బావిలో బకెట్టు పడిపోయి ఉంది. రెండు నిమిషాల పని కదా అని తమ్ముడు నడుముకు తాడు కట్టుకొని దిగాడు.

“నేను పైన ఉంటి సార్. తాడు నా చేతిలోనే ఉండె,” అన్నాడు. “రెండుసార్లు గుంజితే లాగల్ల. గుంజలే. పని చేస్తాండాడులే అనుకొంటి.”

పిల్లల అరుపుల్లో ఆ మాటలు వినడానికి నేను ముందుకు వంగాల్సి వచ్చింది. ఆయన గొంతు ఏమీ మారలేదు. “ఆ గేమ్‌లో లాంతరు వదిల్తే అది నిజం చెప్తాది. తీసేస్తే మళ్ళా మనిషే ముందు దిగల్ల. అది వద్దని చెప్పు సార్. నీ ఇంగ్లీషుకు వాళ్ళు వింటారు.”

చెప్తానన్నాను. ఆయన్ను బస్సెక్కించి వచ్చి అనపకాయల సంచి బల్ల మీద పెట్టుకొని కూర్చున్నాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. తమ్ముడు చచ్చిన సంగతి విన్నప్పుడు నాకు జాలి వేసింది, కానీ జాలి పక్కనే అసూయ కూడా ఉంది. ఇందుకన్నమాట ఈయన రాతకు అంత బలం అనుకున్నాను. నా తమ్ముడు బెంగుళూరులో క్షేమంగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. నాకు రాయడానికి మార్కులు తప్ప ఏమున్నాయి? ఒక మనిషి దుఃఖాన్ని చూసి కూడా నాకు లేదే అని ఏడ్చినవాణ్ణి నేను.

ఇప్పుడు ఈ ఉత్తరం సరిగ్గా రాస్తే ఆ ముగ్గురూ కదిలిపోతారని నాకు తెలుసు. ఆయన మాట ప్రపంచమంతా చదువుతుంది, అనువాదం చేసినవాణ్ణి ఎవడూ గుర్తుపెట్టుకోడు. నేను రాసింది ఇది: ఈ ఆటగాడు లాంతరు వెలుగు బాగుందంటున్నాడు. దాన్ని కిందికి వదిలితే అవి ఎక్కడున్నాయో ముందే తెలిసిపోతోందట. అందువల్ల తనకు తూటాలు సగం మిగులుతున్నాయట. దీన్ని తీసెయ్యవద్దని కోరుతున్నాడు. కింద నా పేరు.

దొంగాట అన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు, అయినా అందులో ఒక్క అబద్ధం లేదు. ఎన్నిసార్లు చదువుకున్నా ఒక్క అబద్ధం కనబడలేదు, అందుకే ధైర్యంగా పంపాను. వాళ్ళు దాన్ని అందరికీ కనబడేలా పెట్టి, మర్యాదగా కృతజ్ఞతలు చెప్పారు. రెండు వారాల తర్వాత గేమ్ సరిచేశారు. లాంతరు ఎడమచేతికి అతుక్కుపోయింది. ఏ మీట నొక్కినా చెయ్యి వదలదు.

ఆయన దాని మీద చివరిసారి రాశాడు. ‘ఇప్పుడిది ఆట. మంచి ఆట. కాల్చేటోళ్ళు కొనండి.’ అంతే. అందరూ ఆ ముగ్గురినీ తిడుతుంటే ఆయనే ఆపాడు. వాళ్ళది వాళ్ళిష్టం, పామిడి సార్ మన తరఫున చెప్పినాడు, వాళ్ళు వినలే, ఎవర్నీ ఏమనొద్దు అని రాశాడు. నెలకొకసారి నాకు ఫోన్ చేసి కొత్తగా ఏం ఆడుతున్నావు సార్ అని అడిగేవాడు. ఫోన్‌లో కూడా, పక్కన ఎవరైనా ఉంటే, ఈ సారే మన తరఫున ఇంగ్లీషులో చెప్పింది అని వాళ్ళకు నా గురించి చెప్పేవాడు. అది వినబడినప్పుడల్లా ఏదో పనుందని పెట్టేసేవాణ్ణి.

పోయిన ఎండాకాలం గుండెనొప్పి వచ్చి పోయాడు. కూతురు ఫోన్ చేసి చెప్పింది. పదో తరగతి పరీక్షలున్నాయని చెప్పుకొని పోలేదు. ఏడో తరగతి వరకు చెప్పేవాడికి పదో తరగతి పరీక్షలతో ఏం పని?

రెండో భాగం వచ్చిందని చెప్పాను కదా. ఆ రోజు ఆయన రాత దొరక్కపోయినా ఆయన మాట దొరికింది. లాంతరు ముందు, మనిషి తర్వాత అని ఒకడు అన్న మాట విన్నాం, ఎవరతను అని కొత్త పిల్లవాడెవరో అడిగాడు. తెలిసినవాళ్ళు తెలిసినంత చెప్పసాగారు. చచ్చిన తర్వాత కూడా నన్ను పైకి రానివ్వవా అన్నా అనుకున్నాను. అప్పుడే నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. ఆయన గురించి నేనే ఒక వీడియో చేస్తే? ఆయన అంగడి, ఆ కంప్యూటర్, ఒక పాత ఫొటో. కన్నీళ్ళకు కన్నీళ్ళు, చూసేవాళ్ళకు చూసేవాళ్ళు. ఆ వచ్చిన ఆదివారమే కుందుర్పి బస్సెక్కాను.

అంగడిలో ఆయన కూతురు ఉంది. ఫోన్‌లో గొంతు విన్నానే కానీ మనిషిని చూడటం అదే మొదలు. కళ్యాణదుర్గంలో డిగ్రీ చివరి ఏడాది, సెలవుల్లో అంగడి చూసుకుంటోంది. నేనెవరో చెప్పగానే లేచి కుర్చీ వేసింది. నీళ్ళిచ్చింది. వీడియో సంగతి చెప్పాను. మీ నాయన అంటే నాకెంత గౌరవమో చెప్పాను. ఫొటో ఎక్కడ తీస్తే బాగుంటుందా అని గోడ వైపు చూస్తే, దేవుళ్ళ పటాల కింద లామినేషన్ చేసిన ఇంగ్లీషు కాగితం ఒకటి కనబడింది. దగ్గరికి పోయాను. ఆ ముగ్గురికీ నేను రాసిన ఉత్తరం అది. కింద నా పేరు.

ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి గౌరవంగా పెట్టుకున్నాడు, పిచ్చి మనిషి అనుకున్నాను. ఈ అమ్మాయి చదివి ఉంటుందా అని వెనక్కి తిరిగితే, ఆమె నన్నే చూస్తోంది.

“మా చిన్నాయన మాట దాంట్లో లేదు కదా సార్,” అంది.

లేదు అన్నాను.

“నాయనకు నేనే చదివి చెప్పినా. మాట మాటకీ అర్థం చెప్పినా.”

ఎప్పుడని అడిగాను. లాంతరు తీసేసిన వారానికేనట. అంటే వినలేదని వాళ్ళను తిట్టొద్దని రాసిన రోజుకు ఆయనకు తెలుసు. నెలనెలా ఫోన్ చేసిన రోజుల్లో తెలుసు. ఈ సారే మన తరఫున చెప్పింది అని పక్కవాళ్ళకు చెప్పినప్పుడూ తెలుసు. నాకు కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను. ఇంక దాచడానికి ఏమీ లేదు. కుళ్ళుకొని రాసినా పాపా అన్నాను.

“తెలుసు సార్. నాయన కూడా అదే అన్నాడు,” అంది. ఆమె గొంతులో కోపం లేదు, లేకపోవడమే కష్టంగా ఉంది. “విన్నాక వచ్చినోళ్ళకు పహాణీలు తీసిచ్చినాడు. అందరూ పోయినాక అన్నాడు, సార్ అంత చదువుకున్నోడు, ఆయప్పే మన రాతను చూసి కుళ్ళుకున్నాడంటే మనం బాగానే రాసినట్లు పాపా అని. ఆ పొద్దంతా సంతోషంగా ఉండె. సాయంత్రం లామినేషన్ చేసి ఆయనే గోడకు కొట్టినాడు.”

మూడేళ్ళలో ఆయన రాతను ఒక్కసారి కూడా బాగుందనలేదు నేను. అనకూడదని పంతం. నా నోటినుంచి రాని మెప్పును ఆయన నా కుళ్ళులోంచే తీసుకొని, నా పేరుతో సహా పటం కట్టించుకున్నాడు. సిగ్గుపడాల్సిన చోట కూడా నాకు ముందు వచ్చింది అసూయే. ఆ మాట కూడా నాకన్నా బాగా అన్నాడు.

వీడియో తీయలేదు. ఆ కంప్యూటర్ ఇంకా పనిచేస్తోందా అని అడిగి, దాని ముందు కూర్చొని, ఆయన రాసిందీ ఆ రోజు వరండాలో చెప్పిందీ మొదట్నుంచీ ఇంగ్లీషులో ఆ ముగ్గురికీ రాయడం మొదలుపెట్టాను. మొదటిసారి నేనేం ఎగ్గొట్టానో, ఎందుకు ఎగ్గొట్టానో కూడా రాశాను. ఆమె పక్కన నిలబడి చదువుతూ ఉంది. ఆయన చేతిలోని తాడు దగ్గరికి వచ్చేసరికి నేను చీకటి గురించీ, నిశ్శబ్దం గురించీ, ఆ అన్న గుండె గురించీ అయిదారు వాక్యాలు కలిపాను. ఆమె వంగి తెర మీద వేలు పెట్టింది.

“ఇంత పొడుగు వద్దు సార్. నాయన ఇంత చెప్పలే,” అంది.

కొట్టేసి మళ్ళీ రాశాను.